బద్ద కింద వెలుతురు

మా ఆయన మిలాదిన్ పెళ్ళిలో ఉంగరం తొడిగేముందు దాన్ని పళ్ళతో కొరికి చూశాడు. పాదిరిగారి ఎదుటే, మా నాన్న చూస్తుండగానే. "బంగారం మీద అనుమానం కాదే, అలవాటు" అని ఇప్పటికీ అంటాడు. నేను నమ్మను. అనుమానం పెనుభూతం అంటారు గానీ, మా ఇంట్లో ఆ భూతం పొద్దున్నే లేచి, గడ్డం గీసుకుని, రొట్టెల కొట్టుకు వెళ్ళి, నాలుగు రొట్టెలు నొక్కి చూసి అయిదోది తెస్తుంది. తెచ్చాక అదీ నిన్నటిదేమోనని నన్ను వాసన చూడమంటుంది.

అతని అనుమానానికి చాలాకాలం జీతం కూడా ఇచ్చారు. పట్నంలో రైలుపెట్టెలు కట్టే కార్ఖానాలో తనిఖీ పని. పదిమంది చెమటోడ్చి చేసిన తలుపు రేకు అతని ముందుకు వచ్చేది. దాని అంచు మీద ఉక్కుబద్దను నిలబెట్టి, ఒక కన్ను మూసి, బద్దకీ రేకుకీ మధ్య వెలుతురు కనబడుతోందా అని చూసేవాడు. కనబడకపోతే రేకు తిన్నగా ఉన్నట్టు. కనబడితే వెనక్కి. పాపం, ఆ పదిమందీ సాయంత్రం సారాకొట్టులో మా ఆయన పేరెత్తి ఏమేమి అనేవాళ్ళో నాకు తెలుసు, వాళ్ళ పెళ్ళాలు నాకు చెప్పేవాళ్ళు.

కార్ఖానా మూతబడిన రోజున జీతాలకు బదులు ఎవరికి దొరికింది వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు. ఒకాయన కుర్చీ మోసుకుపోయాడు, ఇంకొకాయన కిటికీలు. మా ఆయన ఆ ఉక్కుబద్ద తెచ్చుకున్నాడు. నిలబెడితే నా నడుము దాటి వస్తుంది. నూనె పూసిన గుడ్డలో చుట్టి పడగ్గదిలో బీరువా మీద పెట్టాడు. దాన్ని నేను ముట్టుకోకూడదు. నేను కుట్టుపని చేసుకునేదాన్ని, నాకూ బద్దలున్నాయి, కానీ ఇది వేరట. "ప్రపంచంలో అబద్ధం చెప్పనిది ఇదొక్కటే" అనేవాడు. నా ఎదుటే అనేవాడు, సిగ్గు లేకుండా.

తరవాత రెండు చలికాలాలు అతను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్ళని తనిఖీ చేశాడు. పోస్టుమాను ఎందుకు నవ్వుతున్నాడు, ఎదురింటివాళ్ళకి కొత్త కంచె ఎలా వచ్చింది, పాదిరిగారి కారు చక్రాలు ఎవరివి. నాకు పిచ్చెత్తింది. మనిషి కుళ్ళిపోతున్నాడని భయం కూడా వేసింది. అందుకే చూరుకాలువల ఆలోచన అతనికి వచ్చినప్పుడు నేను చర్చిలో మూడు కొవ్వొత్తులు వెలిగించాను.

ఆలోచన మంచిదే. మా కొండల్లో మంచు ప్రతి ఏడూ చూరుకు కట్టిన రేకు కాలువల్ని విరగ్గొట్టి పోతుంది. కట్టే పాతవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, కుర్రవాళ్ళకి ఆ పని పట్టలేదు. ఇంటి వెనక పందుల కొట్టం ఖాళీగా ఉంది. అందులో రేకు కత్తిరించడానికి ఒకటి, మడవడానికి ఒకటి పెట్టుకుంటే బతుకు నడుస్తుంది. కత్తిరించడానికి మీట కత్తెర: బల్లకు బిగించిన పెద్ద కత్తి, పొడుగాటి పిడి. మడవడానికి మడతబల్ల: రెండు ఇనప దూలాల మధ్య రేకును బిగించి, ముందున్న పలకను ఎత్తితే గీత వెంట మడత పడుతుంది. ఆ రెండూ ఉంటే మిగతావన్నీ సుత్తీ, ఆకురాయీ, ఓపికా.

కత్తెర కొనడానికి ఒక ఎండాకాలం పట్టింది. కొత్తవాటిని కన్నెత్తి చూడలేదు. "రంగు ఎంత మందంగా ఉంటే ఇనుము అంత పల్చన" అన్నాడు. పాతవాటి దగ్గర జేబులోంచి సిగరెట్ కాగితం తీసి కత్తికి పెట్టేవాడు. కాగితం తెగకుండా మడతపడి నలిగితే రెండు కత్తుల మధ్య సందు ఉన్నట్టు. చివరికి ఒకటి మొదటినుంచి చివరిదాకా కాగితాన్ని గడ్డం గీసినట్టు కోసింది. తరవాత పల్చటి రేకు కోసి, తెగిన అంచు మీద బొటనవేలు రాసి చూశాడు. గరుకు లేదు. అమ్మినవాడు అంత మంచి కత్తెర ఎందుకు అమ్ముతున్నాడో తెలిసేదాకా మాత్రం డబ్బు ఇవ్వలేదు. వాడికి చెయ్యి విరిగిందట. కట్టు విప్పి చూపించమని అడుగుతాడేమోనని నేను వణికిపోయాను.

మడతబల్ల దగ్గర కథ అడ్డం తిరిగింది. చూసిన ప్రతి బల్లకూ మధ్యలో వెలుతురే. మొరావా నది ఒడ్డున ఆదివారం జరిగే పాతసామాన్ల సంతలో ఒకడి దగ్గర మంచి బల్ల ఉంది. నాకు మంచిగానే కనబడింది.

"జర్మనీ సరుకు, అన్నా. మా బావ తెచ్చాడు" అన్నాడు అమ్మేవాడు.

"మీ బావ అక్కడ ఏం చేస్తాడు?"

"లారీ తోల్తాడు."

"అయితే ఇది లారీ మీంచి పడిందా, లారీయే దీని మీంచి పోయిందా?" అంటూ మా ఆయన బద్దను బల్ల పెదవి మీద, రేకు మడతపడే అంచు మీద, నిలబెట్టి కన్ను మూశాడు. "అదిగో. నడుం జారిపోయింది."

"అన్నా, నువ్వు బల్ల కొనడానికొచ్చావా, పిల్లని చూడ్డానికొచ్చావా?"

"పిల్లయితే కాస్త వంకరున్నా సర్దుకుపోతాం."

నా వైపు చూడకుండా అన్నాడు కాబట్టి బతికిపోయాడు.

అలా ఎన్ని సంతలు తిరిగామో. పక్క దేశం సరిహద్దు దాకా పోయాం. మూతబడిన బడుల వర్క్‌షాపుల్లో చూశాం, దివాలా తీసినవాళ్ళ గోదాముల్లో చూశాం. ఎక్కడ చూసినా అదే వంకర, ఎక్కడ చూసినా మధ్యలోనే. ఈ దేశంలో ఇనుమంతా నడుం వంగిపోయిందేమోనని నేనూ నమ్మడం మొదలుపెట్టాను. మొగుడి అనుమానం పెళ్ళానికి జలుబులా అంటుకుంటుంది.

ఇంతలో శీతలగిడ్డంగి వాళ్ళు కాపలా పని ఇస్తామన్నారు. గేటు దగ్గర గాజు గదిలో కూర్చుని వచ్చే పోయే లారీల్లో రాస్ప్‌బెర్రీ బుట్టలు ఎవడైనా దొంగిలిస్తున్నాడా అని చూడాలి. సోమవారానికల్లా అవునో కాదో చెప్పమన్నారు. అతను ఆ గదిలో కూర్చున్నాడంటే ఇక చచ్చేదాకా లేవడు. జనాన్ని అనుమానించడమే అతని బతుకైపోతుంది. కొట్టంలో అతని చేతుల కింద ఏదో ఒకటి తయారవుతుంటే చూడాలని నా ఆశ. అంతకుమించి నేనేమీ కోరుకోలేదు.

సరిగ్గా ఆ వారమే, నేను పెరట్లో ఎర్ర మిరపకాయలు కాలుస్తుంటే, బస్సు డ్రైవరు రాతోమిర్ మా గేటు ముందు బస్సాపి కిటికీలోంచి అరిచాడు.

"కొసారక్కా! పైవూరు స్తానియా పెద్దమ్మ కబురు పంపింది. శనివారానికి వుకాషిన్ తాత పోయి నలభయ్యో రోజు. మీ ఆయన్ని రమ్మంది. తాత మడతబల్ల మీ ఆయనకిచ్చేస్తుందట, ఆత్మకోసం!"

బస్సులో జనమంతా విన్నారు. మా ఆయన కిటికీలోంచి విన్నాడు.

స్తానియా పెద్దమ్మ మొగుడు వుకాషిన్ ఆ కొండల్లో అందరికీ చూరుకాలువలు కట్టినవాడు. అంతకు రెండేళ్ళ ముందు, మోకాళ్ళు పట్టేశాయని బల్ల అమ్మకానికి పెడితే మా ఆయన ఒక్కడే వెళ్ళి చూసొచ్చాడు. "వంకర. మధ్యలో వెలుతురు" అన్నాడు వచ్చి. అంతే, మళ్ళీ ఆ మాట రాలేదు.

"వంకరని చెప్పి వచ్చినవాడికి ఊరికే ఎందుకిస్తుందే?" అన్నాడు ఇప్పుడు, వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ.

"ఆత్మకోసం అని చెప్తోంది కదా."

"ఆత్మకోసమైతే చొక్కా ఇస్తారు, చెప్పులిస్తారు. బల్లెవడిస్తాడు? దానిమీద అప్పేదో ఉండుంటుంది. లేకపోతే వాళ్ళింటి కప్పు నాచేత ఊరికే వేయించుకుందామని."

"దానమిచ్చిన గుర్రానికి పళ్ళు లెక్కపెట్టకూడదయ్యా."

"పళ్ళూడిపోయిన గుర్రాన్నే దానమిస్తారు. నీకు తెలీదు."

మా దగ్గర పద్ధతి అందరికీ తెలిసిందే. పోయినవాళ్ళ ఆత్మకోసం ఇచ్చినదానికి వెల అడగకూడదు, కృతజ్ఞతలు చెప్పకూడదు. 'దేవుడు ఆయన్ని మన్నించుగాక' అనాలి, తీసుకోవాలి. ఆ మాటే దాని ధర. దాన్ని అటూ ఇటూ తిప్పి పరీక్ష చేయడమంటే చచ్చినవాడి మొహం మీద ఉమ్మినట్టు. ఈ సంగతి మా ఆయనకి గుర్తుచేశాను. తలూపాడు. శనివారం బయల్దేరేటప్పుడు చూస్తే కోటు వీపు కర్రలా నిటారుగా ఉంది. బద్ద లోపల ఉంది. బీరువా మీద గుడ్డ మాత్రమే మిగిలింది.

"తీసి లోపల పెట్టు" అన్నాను.

"చలికి వీపు పట్టేసింది. ఊతంగా ఉంటుంది" అన్నాడు.

బల్ల తేవాలి కాబట్టి మా ఊరి గుర్రబ్బండి కాకుండా చిన్న ట్రక్కు మాట్లాడుకున్నాం. పైవూరిలో సమాధి దగ్గర పాదిరిగారు పాడారు, అందరం ఉడికించిన గోధుమలు ఒక్కో చెంచా తిన్నాం, సారా గ్లాసులోంచి రెండు చుక్కలు నేల మీద పోసి మిగతాది తాగాం. మా ఆయన తన గ్లాసు వాసన చూసి తాగాడు. అక్కడ కూడా. తరవాత ఇంటిదగ్గర చేపల పులుసు, చిక్కుడుగింజలు పెట్టారు. జనం వెళ్ళిపోయాక స్తానియా పెద్దమ్మ చేతులు తుడుచుకుని మమ్మల్ని కొట్టంలోకి తీసుకెళ్ళింది.

ఎప్పుడూ అంత శుభ్రమైన కొట్టం చూడలేదు. బల్లకి నూనె రాసి ఉంది, మరలు మెరుస్తున్నాయి. దుమ్ము లేదు, కానీ వాడకం కూడా లేదు. తెగిన రేకు ముక్క ఒక్కటి కింద లేదు.

"అమ్మొద్దన్నాడు నాయనా" అంది పెద్దమ్మ, బల్ల మీద చెయ్యి పెట్టి. "వంకర సామాను అమ్మితే పాపమన్నాడు. నువ్వొచ్చి చూసి చెప్పి పోయావు గదా. ఆరోజు నుంచీ ఆ వంకర ఎక్కడుందా అని దీని చుట్టూతానే తిరిగాడు. దారం కట్టి చూశాడు. కింద దీపం పెట్టి చూశాడు. ఎంత చూసినా ఆయనకి కనబళ్ళా."

మా ఆయన కళ్ళు బల్ల పెదవి మీదే ఉన్నాయి.

"కార్ఖానాలో తనిఖీ చేసే మనిషి ఉన్నదంటే ఉండే ఉంటది, నా కళ్ళే పోయినియ్యి అన్నాడు. కళ్ళు పోయినోడు ఊరివాళ్ళ ఇళ్ళకి చూరు కట్టకూడదు, నీళ్ళు గోడల్లోకి దిగుతయ్యి, పిల్లలకి జబ్బులొస్తయ్యి అన్నాడు. ఇంక రేకు ముట్టుకోలా. మోకాళ్ళు నొచ్చినా కూచుని చేసేవాడు గదా, అదీ మానేశాడు. గేటు కాడ అరుగు మీద కూచునేవాడు. పోయేముందు నాతో చెప్పాడు, ఆ బద్ద మనిషికివ్వు, వంకర చూసినోడికే సరిచేయడం తెలుస్తది అని."

ఆమె గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం మా ఆయన మీద ఒళ్ళు మండిపోయింది. తీసుకుని, అనాల్సిన మాట అని, తలవంచుకుని పోవాల్సిన సమయం అది. మా ఆయన కోటు గుండీలు విప్పాడు.

"వద్దు" అన్నాను పళ్ళ మధ్యనుంచి.

"ఎక్కడుందో చూపిస్తే పెద్దమ్మ మనసు కుదుటపడుతుంది" అన్నాడు. బద్దను బల్ల పెదవి మీద నిలబెట్టి, తలుపు వైపు వెలుతురుకి వంగి కన్ను మూశాడు. అతని మొహంలో ఊరట చూశాను. "ఇదిగో. మధ్యలో. రండి పెద్దమ్మా, చూడండి."

ఆమె వంగింది. తెల్లపొర కమ్మిన కళ్ళతో చాలాసేపు చూసింది. "నాకేం కనబడుద్ది నాయనా" అంది. "ఆయనకే కనబళ్ళా."

ఇక నా వల్ల కాలేదు. ఆ బద్దను అతని చేతిలోంచి లాగేశాను. అది మా ఇంటికి వచ్చాక నేను దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"రొట్టెని అనుమానించావు, పోస్టుమాన్ని అనుమానించావు, చచ్చిపోయిన మనిషి సారాని అనుమానించావు. దీన్నెప్పుడైనా అనుమానించావా? చెప్పు!"

"కొసారా, జాగ్రత్త, అది..."

గోడకి ఆనించి ఒక కొత్త రేకు ఉంది. దాన్ని బల్ల మీద పరిచాను. మేకు తీసుకుని బద్ద అంచు వెంట గీత గీశాను. కుట్టుపని నేర్పేటప్పుడు మా పిన్ని మొదట చెప్పేది ఇదే: కొత్త బద్ద కొంటే ఒక గీత గియ్యి, బద్దను బోర్లా తిప్పి అదే అంచుతో అదే గీత మీద మళ్ళీ గియ్యి. రెండూ ఒకటైతే బద్ద మంచిది. నేను కోపంలో చేశాను, ఏదో కనిపెడదామని కాదు. అతని దేవుణ్ణి ఒకసారి తలకిందులు చేద్దామని మాత్రమే.

గీతలు చివర్లలో కలిశాయి. మధ్యలో విడిపోయాయి. దగ్గరికి వంగి చూడక్కర్లేదు, నిలబడే కనబడుతోంది.

"నీ చెయ్యి కదిలింది" అన్నాడు మా ఆయన. మేకు తీసుకుని రేకు మీద ఇంకోచోట తనే గీశాడు. తిప్పి గీశాడు. మళ్ళీ విడిపోయాయి. అప్పుడు గోడకి వేలాడుతున్న వుకాషిన్ దారపు కండె అందుకుని బల్ల పెదవి వెంట ఈ చివరినుంచి ఆ చివరికి బిగించి కట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చూశాడు. దారానికీ ఇనుముకీ మధ్య వెలుతురే లేదు. తరవాత బద్ద అంచు మీద బొటనవేలు మెల్లగా నడిపించాడు. ఏళ్ళ తరబడి రైలుపెట్టెల తలుపుల మీద రాసి రాసి దాని నడుమే అరిగిపోయింది.

వాదనలో అతన్ని ఓడించాలని ఇరవై ఏళ్ళుగా కలలు కన్నాను. ఓడించాను. అతని మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆ గెలుపు ఎవరికైనా ఇచ్చేద్దామనిపించింది.

స్తానియా పెద్దమ్మకి ఏమీ అర్థం కాలేదు. మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. "ఏంటి నాయనా? దొరికిందా వంకర?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నేను అతను అబద్ధం చెబుతాడని ఆశపడ్డాను. దొరికింది పెద్దమ్మా, మేం సరిచేసుకుంటాం, దేవుడు ఆయన్ని మన్నించుగాక. అంతే. ట్రక్కు బయట ఉంది. ఆమెకి ఎప్పటికీ తెలియదు. చచ్చినవాడు లేచిరాడు.

మా ఆయన టోపీ తీశాడు.

"బల్లలో వంకర లేదు పెద్దమ్మా. ఎప్పుడూ లేదు. నా బద్ద అరిగిపోయింది. నాకు తెలీలేదు."

"అంటే?"

"ఆయన కళ్ళు బాగానే ఉండేవి."

పెద్దమ్మ చేతికందిన పీట లాక్కుని కూర్చుంది. కొంగులాంటి ఆ నల్ల తలగుడ్డ అంచు వేళ్ళకి చుట్టుకుంది, విప్పింది. అరుస్తుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"అయితే ఊరికే కూచున్నాడన్నమాట" అంది చివరికి. "గేటు కాడ."

"నేను దీన్ని తీసుకోను పెద్దమ్మా. నాకు ఆ అర్హత లేదు. అమ్ముకోండి. ఎవరికి చెప్పమంటే వాళ్ళకి నేనే చెప్తాను, ఇంత తిన్నని బల్ల ఈ చుట్టుపక్కల లేదని."

"ఆయన నీకియ్యమన్నాడు. ఆయన మాట నేను మారుస్తానా? అనాల్సింది అను."

"ఆయన్ని దేవుడు మన్నించడానికి ఏముందమ్మా? మన్నించాల్సింది..."

"అను!"

ఆ ముసలి గొంతులోంచి అంత పెద్ద కేక వస్తుందనుకోలేదు. మా ఆయన నేల చూస్తూ అన్నాడు. మూడో మాట దగ్గర ఆగి, మళ్ళీ మొదటినుంచి అన్నాడు.

పెద్దమ్మ లేచింది. మేం గీతలు గీకి పాడుచేసిన ఆ రేకుని బల్ల దూలాల మధ్యకి నెట్టి, అలవాటైన చేత్తో తన వైపు మర బిగించింది. మా ఆయన వైపు చూసింది. అతను తన వైపు మర బిగించాడు. ఇద్దరూ చెరో పిడీ పట్టుకుని ఒక్కసారిగా పలకని పైకెత్తారు. రేకు ఉరిమినట్టు మోగి మడతపడింది. వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి. ఆ చప్పుడు ఆ ఇంట్లో విని రెండేళ్ళయి ఉంటుంది.

ఆమె మర విప్పి, మడత వెంట ఈ చివరినుంచి ఆ చివరిదాకా బొటనవేలు నడిపింది. రేకుని చంకలో పెట్టుకుని గుమ్మం దాటింది.

"ఎక్కడికి పెద్దమ్మా?" అన్నాను.

"ఆయనకి చూపించొస్తా. మీరు బల్ల ఎక్కించుకోండి" అని సమాధుల దారి పట్టింది.

మా ఆయన పిడి వదల్లేదు. బయట ట్రక్కువాడు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, మేం కదల్లేదు.